కీళ్లవాతం ఉన్నవారిలో మతిమరుపు ఎందుకు? వయసు ఒక్కటే కారణం కాదు.. మెదడుపై ప్రభావం చూపే అంశాలివే

కీళ్లవాతం అనగానే వేళ్ల వాపులు, మోకాళ్ల నొప్పులే గుర్తుకొస్తాయి. కానీ ఈ జబ్బుతో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు డాక్టర్‌కి సరిగా చెప్పని ఇబ్బంది ఇంకోటి ఉంది. అదే మతిమరుపు. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోవడం, తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం, చిల్లర లెక్క తప్పడం, పొద్దున మాత్ర వేసుకున్నామో లేదో గుర్తులేకపోవడం.. ఇలాంటివి మొదలైతే ఇంట్లోవాళ్లు రెండు మాటల్లో తేల్చేస్తారు. ఒకటి "వయసైపోయింది కదా". రెండోది "ఆ మందుల వేడి వల్లే ఇదంతా".

మొదటి మాట నమ్మితే అసలు కారణం ఏంటో ఎవరూ వెతకరు. రెండో మాట నమ్మితే మందులు మధ్యలో ఆపేస్తారు. రెండింటితోనూ నష్టమే. నిజానికి రుమాటిక్ జబ్బులు ఉన్నవారిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గడానికి ఒకటి కాదు, చాలా కారణాలు ఉంటాయి. వాటిలో సరిచేసుకోగలిగినవే ఎక్కువ. ఆ కారణాలేంటి? ఏ పరీక్షలు అడగాలి? ఎప్పుడు వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి? పూర్తి వివరాలు ఇక్కడ తెలుసుకుందాం.

రుమాటిక్ జబ్బులంటే ఏవి?

కీళ్లు, కండరాలు, ఎముకలు, వాటిని కలిపే కణజాలానికి వచ్చే జబ్బులన్నింటినీ కలిపి రుమాటిక్ జబ్బులు అంటారు. వీటిలో కొన్ని వయసుతో, అరుగుదలతో వచ్చేవి. మోకాళ్ల అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్ ఈ కోవలోకి వస్తుంది. ఇంకొన్ని మన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి సొంత శరీరం మీద దాడి చేయడం వల్ల వచ్చేవి. రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్, షోగ్రెన్స్ సిండ్రోమ్ లాంటివి ఈ రెండో రకం. జ్ఞాపకశక్తి విషయంలో ఎక్కువ పరిశోధనలు జరిగింది ఈ రెండో రకం మీదే.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ మగవారి కంటే ఆడవారిలో రెండు, మూడు రెట్లు ఎక్కువ. లూపస్ అయితే ప్రతి పది మంది పేషెంట్లలో దాదాపు తొమ్మిది మంది మహిళలే. అది కూడా ఎక్కువగా పిల్లల్ని కనే వయసులోనే మొదలవుతుంది. అందుకే ఈ మతిమరుపు ముసలివాళ్ల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. ముప్పై ఏళ్ల టీచర్‌కి క్లాసులో మాట తడుముకోవాల్సి రావచ్చు. నలభై ఏళ్ల అకౌంటెంట్‌కి అలవాటైన లెక్కే తేలకపోవచ్చు.

మర్చిపోవడం వేరు.. డిమెన్షియా వేరు

ముందు ఈ తేడా తెలియాలి. లేదంటే అనవసరంగా భయపడాల్సి వస్తుంది.

తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోయి, కాసేపు వెతికితే గుర్తుకురావడం అందరికీ జరిగేదే. మెదడు మబ్బు పట్టినట్టు ఉండటం, చదివిన లైన్ మళ్లీ చదవాల్సి రావడం, ఒకేసారి రెండు పనులు చేయలేకపోవడాన్ని పేషెంట్లు 'బ్రెయిన్ ఫాగ్' అంటుంటారు. ఇది జబ్బు పేరు కాదు, లక్షణం. నొప్పి, నిద్ర, జబ్బు తీవ్రతను బట్టి ఇది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

దాని తర్వాతి మెట్టు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్. పరీక్షల్లో తేడా కనిపిస్తుంది కానీ రోజువారీ పనులు మాత్రం చేసుకోగలుగుతారు. డిమెన్షియా అంటే అంతకుమించి. వంట, డబ్బు లెక్కలు, మందులు వేసుకోవడం, తెలిసిన దారిలో ఇంటికి రావడం లాంటివి సొంతంగా చేసుకోలేని స్థితి. బ్రెయిన్ ఫాగ్ ఉన్న ప్రతి ఒక్కరికీ డిమెన్షియా రాదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి విషయం.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు 2023లో వచ్చిన ఓ జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి కీళ్లవాతం లేనివారికీ ఈ ముప్పు ఉంది. కీళ్లవాతం ఉన్నవారికి దానిపై ఇంకొన్ని కారణాలు తోడవుతాయి. అదే అసలు సమస్య.

అధ్యయనాలు ఏం చెబుతున్నాయి?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న 120 మందికి పైగా పేషెంట్లను అమెరికాలోని కాలిఫోర్నియా పరిశోధకులు పరీక్షించారు. 2012లో ఫలితాలు వచ్చాయి. దాదాపు మూడోవంతు మందిలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గినట్టు తేలింది. ఎవరిలో ఈ తేడా ఎక్కువ కనిపించిందో చూస్తే.. తక్కువ చదువు, తక్కువ ఆదాయం ఉన్నవారిలో, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారిలో, గుండె జబ్బుల ముప్పు ఉన్నవారిలో. అంటే కీళ్లు ఎంత దెబ్బతిన్నాయన్న ఒక్క విషయంతో ఇది తేలిపోదు. చుట్టూ ఉన్న మిగతా విషయాలు కూడా లెక్కలోకి వస్తాయి.

అదే 2012లో ఫిన్లాండ్ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. నడివయసులో రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారిని దాదాపు రెండు దశాబ్దాల తర్వాత పరిశీలిస్తే, మిగతావారి కంటే వీరిలో జ్ఞాపకశక్తి సమస్యలు ఎక్కువగా కనిపించాయి.

భయపెట్టేవే కాదు, ధైర్యాన్నిచ్చే ఫలితాలూ ఉన్నాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో దశాబ్దాల రికార్డులను పరిశీలించిన పరిశోధకులు ఓ ఆసక్తికర విషయం గుర్తించారు. 1980ల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ మొదలైనవారితో పోలిస్తే, 2000 తర్వాత మొదలైనవారిలో డిమెన్షియా తక్కువగా వచ్చింది. ఆ మధ్య కాలంలో కీళ్లవాతం చికిత్స బాగా మెరుగుపడింది. బీపీ, కొలెస్ట్రాల్‌పై శ్రద్ధ పెరిగింది. వీటిలో దేని వాటా ఎంత అని కచ్చితంగా విడదీసి చెప్పలేం. కానీ ఈ ముప్పు తలరాత కాదని మాత్రం అర్థమవుతుంది.

ఇక్కడ ఒక మాట. ఇలాంటి అధ్యయనాలు చాలావరకు 'సంబంధం ఉంది' అని మాత్రమే చెబుతాయి. 'దీనివల్లే వచ్చింది' అని తేల్చవు. ఉదాహరణకు, జబ్బు తీవ్రంగా ఉన్నవారికే స్టెరాయిడ్లు ఎక్కువ ఇస్తారు. అప్పుడు మతిమరుపు జబ్బు వల్ల వచ్చిందా, మందు వల్ల వచ్చిందా అని విడదీయడం కష్టం.

కారణం 1: అదుపులో లేని ఇన్‌ఫ్లమేషన్

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో వాపు కీళ్లకే పరిమితం కాదు. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు రక్తంలో ఒళ్లంతా తిరుగుతాయి. ఇవి మెదడుకు కూడా సంకేతాలు పంపుతాయి. జ్వరం వచ్చినప్పుడు ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. ఏ పనీ చేయబుద్ధి కాదు, మాట మీద ధ్యాస నిలవదు, నిద్రమత్తుగా ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉన్న రోజుల్లో కీళ్లవాతం పేషెంట్ పరిస్థితి దాదాపు అలాగే ఉంటుంది. ఏళ్ల తరబడి ఇది కొనసాగితే మెదడులోని రక్షణ కణాలు కూడా ఉద్రేకంగా ఉండిపోతాయన్నది పరిశోధకుల ఆలోచన.

అందుకే "నొప్పి ఓర్చుకుంటాలే, మందులెందుకు" అనే ధోరణి మంచిది కాదు. ఓర్చుకునేది నొప్పినే. లోపల ఇన్‌ఫ్లమేషన్ దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

కారణం 2: బీపీ, షుగర్, రక్తనాళాలు

మెదడుకు రక్తం సరిగా అందకపోతే జ్ఞాపకశక్తి తగ్గుతుంది. చిన్న చిన్న రక్తనాళాలు మూసుకుపోతూ వస్తే పెద్ద స్ట్రోక్ రాకపోయినా ఆలోచన వేగం మందగిస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారిలో గుండె జబ్బుల ముప్పు మామూలుగానే ఎక్కువ. ఎంతంటే, సాధారణ పద్ధతిలో లెక్కించిన గుండె ముప్పును ఈ పేషెంట్లకు ఒకటిన్నర రెట్లు చేసి చూడాలని యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ సూచించింది.

మన దగ్గర షుగర్, బీపీ ఇంటింటి సమస్యే. వీటికి తోడు కీళ్ల నొప్పుల వల్ల నడక తగ్గిపోతుంది, బరువు పెరుగుతుంది. నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటే బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. స్టెరాయిడ్ల వల్ల షుగర్ పెరుగుతుంది. ఇలా ఒకదానికొకటి ముడిపడి చివరికి మెదడు మీద పడుతుంది. కీళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు బీపీ చూపించుకోవడం, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవడం మర్చిపోవద్దు.

కారణం 3: స్టెరాయిడ్లు

ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు ప్రాణాలు కాపాడే మందులే. లూపస్ ముదిరినప్పుడు, కీళ్లు ఒక్కసారిగా వాచిపోయినప్పుడు ఇవి తప్పవు. కానీ ఎక్కువ డోసులో, ఎక్కువ కాలం వాడితే నిద్ర పట్టకపోవడం, చిరాకు, మూడ్ మారిపోవడం, గుర్తుపెట్టుకోవడంలో ఇబ్బంది రావొచ్చు. కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడంలో కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంపై స్టెరాయిడ్ల ప్రభావం ఉంటుంది. డోసు పెరిగేకొద్దీ మానసిక లక్షణాల ముప్పు కూడా పెరుగుతుందని 1972లోనే గుర్తించారు. డోసు తగ్గిస్తే చాలామందిలో ఈ లక్షణాలు తగ్గుముఖం పడతాయి.

అయితే స్టెరాయిడ్‌ని సొంతంగా, ఒక్కసారిగా ఆపడం ప్రమాదకరం. ఎక్కువ కాలం వాడినవారిలో శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావొచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిందే.

ఇంకో ముఖ్య విషయం. స్టెరాయిడ్ వాడుతున్నట్టు తెలియకుండానే వాడేవాళ్లూ ఉంటారు. కీళ్ల నొప్పులకు 'మూలికా మందు' పేరుతో అమ్మే కొన్నింటిలో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. 2022లో అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి ఉత్పత్తులపై హెచ్చరికలు కూడా జారీ చేసింది. లేబుల్ లేని పొడి, పేరు లేని మాత్ర రెండు రోజుల్లోనే నొప్పి మాయం చేసిందంటే అనుమానించాల్సిందే.

కారణం 4: నొప్పికి, నిద్రకి వేసుకునే మాత్రలు

చాలాసార్లు అసలు కారణం మందుల డబ్బాలోనే ఉంటుంది. ట్రమడాల్, ప్రీగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, నిద్ర మాత్రలు.. వీటిలో ఏదైనా మత్తు, మతిమరుపు తేగలదు. విడివిడిగా తక్కువ డోసే అయినా రెండు మూడు కలిస్తే పెద్దవయసువారిలో ప్రభావం ఎక్కువ. జలుబు, అలర్జీకి వాడే కొన్ని పాత తరం మాత్రలు, మూత్రం ఆపుకోలేకపోవడానికి వాడే కొన్ని మందులు కూడా ఇదే పని చేస్తాయి.

సమస్య ఎక్కడ వస్తుందంటే.. కీళ్లకు ఒక డాక్టర్, నడుముకు ఇంకో డాక్టర్, నిద్రకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర. ఎవరు ఏం రాశారో ఇంకొకరికి తెలియదు. వేసుకునే మందులన్నీ ఒకే సంచిలో వేసుకుని ఒక డాక్టర్ ముందు పెడితే చాలు. ఖర్చు లేకుండా దొరికే పరిష్కారం ఇదే.

కారణం 5: నొప్పి, నిద్రలేమి, నీరసం

మెదడు ఒకేసారి పట్టించుకోగలిగిన విషయాలకు ఒక హద్దు ఉంటుంది. అందులో సగం నొప్పే తీసేసుకుంటే మిగతా వాటికి చోటెక్కడ? ఎదుటివారి మాట విన్నట్టే ఉంటుంది కానీ బుర్రలోకి ఎక్కదు. ఎక్కని మాట తర్వాత గుర్తుకు రమ్మంటే రాదు. దీన్ని మతిమరుపు అనుకుంటాం కానీ నిజానికి ఇది ధ్యాస సమస్య.

రాత్రి పక్క మీద అటు తిరిగినా ఇటు తిరిగినా నొప్పే. తెల్లవారేసరికి నిద్ర చాలదు. గురక ఎక్కువగా ఉండి, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుంటే స్లీప్ ఆప్నియా కూడా ఉండొచ్చు. దాన్ని పరీక్షించి చికిత్స చేస్తే పగటి మబ్బు తగ్గుతుంది. కీళ్లవాతంతోపాటు ఫైబ్రోమయాల్జియా ఉన్నవారిలో ఈ బ్రెయిన్ ఫాగ్ మరింత ఎక్కువగా కనిపిస్తుంది.

కారణం 6: డిప్రెషన్

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న ప్రతి ఆరుగురిలో ఒకరికి చికిత్స అవసరమైన స్థాయిలో డిప్రెషన్ ఉంటుందని 2013లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూర్చోవడమే కాదు. పనుల మీద ఆసక్తి పోవడం, నిర్ణయం తీసుకోలేకపోవడం, మాట మర్చిపోవడం కూడా దాని లక్షణాలే. పెద్దవయసులో డిప్రెషన్ అచ్చం డిమెన్షియాలా కనిపిస్తుంది. తేడా ఏంటంటే, చికిత్స చేస్తే జ్ఞాపకశక్తి చాలావరకు తిరిగి వస్తుంది.

జడ వేసుకోలేకపోవడం, మనవడిని ఎత్తుకోలేకపోవడం, పెళ్లిళ్లకి వెళ్లడం మానేయడం.. ఇవి పైకి చెప్పుకోని బాధలు. మాట్లాడుకోవడానికి ఎవరూ లేరనిపిస్తే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఇది ఉచితం. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

కారణం 7: బీ12, థైరాయిడ్, రక్తహీనత

ఇవి సులువుగా కనిపెట్టగలిగేవి, సులువుగా సరిచేయగలిగేవి.

విటమిన్ బీ12 తగ్గితే మతిమరుపు, కాళ్ల తిమ్మిర్లు, నడకలో తడబాటు వస్తాయి. పూర్తి శాకాహారుల్లో ఈ లోపం ఎక్కువ. దీనికి మన ఇళ్లలో ఇంకో కారణం కూడా ఉంది. నొప్పి మాత్రలతో కడుపులో మంట అని పరగడుపున 'గ్యాస్ మాత్ర' ఏళ్ల తరబడి వేసుకుంటారు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి ఎక్కువ కాలం వాడితే బీ12 ఒంటపట్టడం తగ్గుతుంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ కూడా అంతే. ఈ రెండూ వాడేవాళ్లు బీ12 పరీక్ష గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగాలి.

ఒక ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవారిలో థైరాయిడ్ సమస్య కూడా ఎక్కువగా కనిపిస్తుంది. థైరాయిడ్ మందగిస్తే మెదడు కూడా మందగిస్తుంది. ఇక దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ వల్ల హిమోగ్లోబిన్ తగ్గడం కీళ్లవాతంలో మామూలే. ఈ మూడింటికీ రక్త పరీక్ష చాలు.

కారణం 8: లూపస్ ఉంటే మెదడు మీదే దాడి

లూపస్ విషయం కొంచెం వేరు. ఇందులో జబ్బు నేరుగా మెదడు, నరాలపై ప్రభావం చూపగలదు. 1999లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ లూపస్ వల్ల వచ్చే నరాల, మానసిక సమస్యలను 19 రకాలుగా విభజించింది. అందులో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గడం ఒకటి. పరీక్షించే పద్ధతిని బట్టి లూపస్ పేషెంట్లలో 20 నుంచి 80 శాతం వరకు ఈ సమస్య ఉన్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. అంకెల మధ్య ఇంత తేడా ఉండటానికి కారణం, ఎంత చిన్న తేడాని సమస్యగా లెక్కిస్తారన్నదే. చాలామందిలో ఇది తేలికపాటిగానే ఉంటుంది.

లూపస్ ఉన్న కొందరిలో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటాయి. వీటివల్ల రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. చిన్న వయసులోనే స్ట్రోక్ రావడం, పదేపదే గర్భస్రావాలు కావడం దీని గుర్తులు. వీరిలో జ్ఞాపకశక్తి సమస్యలు కూడా ఎక్కువ. రక్త పరీక్షతో ఈ యాంటీబాడీలను గుర్తించవచ్చు.

కారణం 9: చదువు, వినికిడి, ఒంటరితనం

మెదడుకు కూడా బ్యాంకులో దాచుకున్న డబ్బులాంటి నిల్వ ఒకటి ఉంటుంది. చదువు, చేసే పని, నలుగురితో మాటామంతీ ఆ నిల్వను పెంచుతాయి. ఈ విషయంలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఓ పరిశోధన ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలిస్తే, ఒకే భాష వచ్చినవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. 2013లో ఈ ఫలితాలు వచ్చాయి. చదువుకోనివారిలో కూడా ఈ తేడా కనిపించడం విశేషం. ఇది కీళ్లవాతం పేషెంట్ల మీద చేసిన అధ్యయనం కాదు. కానీ మెదడుకి పని చెబుతూ ఉండాలన్న మాట అందరికీ వర్తిస్తుంది.

2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు మార్చుకోగలిగిన 14 ముప్పు కారణాలను లెక్కగట్టింది. వీటన్నింటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని చెప్పింది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, డిప్రెషన్, వ్యాయామం లేకపోవడం, ఒంటరితనంతోపాటు వినికిడి, చూపు తగ్గడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కీళ్ల నొప్పులతో ఇంటికే పరిమితమైన మనిషికి వీటిలో ఎన్ని వర్తిస్తాయో లెక్కేసుకుంటే విషయం అర్థమవుతుంది.

కీళ్లవాతం మందులు మెదడును కాపాడతాయా?

జబ్బుని అదుపులో పెట్టడం మెదడుకీ మంచిదే. కానీ 'ఫలానా ఇంజెక్షన్ వేయించుకుంటే డిమెన్షియా రాదు' అనే ప్రచారాన్ని నమ్మొద్దు. ఖరీదైన బయోలాజిక్ మందుల మీద అమెరికాలో 22 వేల మందికి పైగా పేషెంట్ల వివరాలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2022లో ఫలితాలు వచ్చాయి. టోఫాసిటినిబ్, టోసిలిజుమాబ్, టీఎన్ఎఫ్ నిరోధకాలు వాడినవారిని అబటాసెప్ట్ వాడినవారితో పోలిస్తే డిమెన్షియా ముప్పులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి మందు ఎంచుకోవాల్సింది కీళ్ల అవసరాన్ని బట్టి, డాక్టర్ సలహాతోనే.

అలాగే వారానికోసారి తక్కువ డోసులో వాడే మెథోట్రెక్సేట్ డిమెన్షియా తెస్తుందని తేలలేదు. కొందరికి వేసుకున్న మర్నాడు నీరసంగా, తల బరువుగా ఉండే మాట నిజమే. అలా ఉంటే డాక్టర్‌కి చెబితే వేసుకునే సమయం, ఫోలిక్ యాసిడ్ డోసు మారుస్తారు. సొంతంగా ఆపేయాల్సిన పనిలేదు.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం ఇక్కడే.. మెథోట్రెక్సేట్ లెక్క తప్పితే

కీళ్లవాతం ఉన్న మనిషికి మతిమరుపు వస్తే మొదట కంగారుపడాల్సిన విషయం ఇదే. మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి ప్రధానమైన మందు. దీన్ని వారంలో ఒక్కరోజే వేసుకోవాలి. మర్చిపోయి రోజూ వేసుకుంటే ప్రాణాలకే ముప్పు. ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. ఇలాంటి పొరపాట్లతో మరణాలు కూడా జరిగాయి. అందుకే 2019లో యూరప్ మందుల సంస్థ ఈఎంఏ ప్యాకెట్ల మీద హెచ్చరికలతో సహా కొత్త జాగ్రత్తలు తెచ్చింది.

ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా దీనితోపాటే రాస్తారు. కొన్ని బ్రాండ్లలో రెండూ చిన్న పసుపు మాత్రలే. ఒకటి అనుకుని ఇంకోటి వేసుకునే అవకాశం ఉంటుంది. అందుకే ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

– మెథోట్రెక్సేట్‌కి ఒక వారం పేరు ఖాయం చేసుకోండి. చీటీ మీద "సోమవారం మాత్రమే" అని తెలుగులో రాయించుకోండి.
– ఈ స్ట్రిప్‌ని మిగతా మందులతో కలపకుండా విడిగా పెట్టండి. మతిమరుపు ఉంటే ఇంట్లోవాళ్ల దగ్గరే ఉంచి, ఆ రోజు వాళ్లే ఇవ్వాలి.
– వేసుకోగానే క్యాలెండర్‌లో టిక్ పెట్టండి. అనుమానం వస్తే రెండోసారి వేసుకోవద్దు, డాక్టర్‌కి ఫోన్ చేయండి.
– కొత్త స్ట్రిప్ కొన్నప్పుడు మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో చూసుకోండి. 2.5 బదులు 10 మిల్లీగ్రాములవి ఇస్తే, పాత లెక్కలో వేసుకుంటే నాలుగు రెట్లు అవుతుంది.
– నోట్లో పుండ్లు, జ్వరం, విరేచనాలు, ఒంటి మీద కమిలిన మచ్చలు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. స్ట్రిప్ చేతిలో పట్టుకెళ్లండి. దీనికి ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది.

ఏ పరీక్షలు చేస్తారు?

ముందు జ్ఞాపకశక్తికి సంబంధించిన చిన్న ప్రశ్నలు అడుగుతారు. తేదీ, ఊరు, కొన్ని పదాలు గుర్తుపెట్టుకుని చెప్పడం, గడియారం బొమ్మ గీయడం లాంటివి. తెలుగులో అడగమని నిస్సంకోచంగా కోరండి. ఇలాంటి పరీక్షలకు తెలుగు రూపాలు ఉన్నాయి. ఇంగ్లీషు ప్రశ్నలతో తక్కువ మార్కులు వస్తే అది మతిమరుపు కిందకు రాదు.

ఇంకో తిరకాసు ఉంది. వేళ్లు వంకర పోయినవారు పెన్సిల్ పట్టుకోలేరు, బొమ్మ సరిగా గీయలేరు. టైం పెట్టి రాయించే పరీక్షలో వెనకబడతారు. అది చేతి సమస్య, మెదడు సమస్య కాదు. ఆ మాట ముందే డాక్టర్‌కి చెప్పాలి. అవసరమైతే నోటితో చెప్పే పరీక్షలు చేస్తారు.

తర్వాత బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, సోడియం, కిడ్నీ, లివర్ పరీక్షలు ఉంటాయి. ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో తెలియడానికి ఈఎస్ఆర్, సీఆర్‌పీ చూస్తారు. డాక్టర్ అవసరం అనుకుంటేనే ఎంఆర్ఐ. మొదటి రోజే స్కానింగ్‌కి వేలు ఖర్చుపెట్టాల్సిన అవసరం అందరికీ ఉండదు.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

నెమ్మదిగా వచ్చే మతిమరుపు వేరు, హఠాత్తుగా వచ్చే అయోమయం వేరు. గంటల్లో, రెండు మూడు రోజుల్లో మనిషి మారిపోతే అది ఎమర్జెన్సీ.

– మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట తడబడటం. ఇవి స్ట్రోక్ లక్షణాలు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.
– జ్వరంతోపాటు అయోమయం, తీవ్రమైన తలనొప్పి, మెడ పట్టేయడం. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో మెదడు ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువ. వీరిలో జ్వరం పెద్దగా లేకపోయినా తేలిగ్గా తీసుకోవద్దు.
– ఫిట్స్ రావడం, లేనివి కనిపిస్తున్నాయని, వినిపిస్తున్నాయని చెప్పడం.
– స్టెరాయిడ్ మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన కొద్ది రోజుల్లోనే ప్రవర్తన పూర్తిగా మారిపోవడం.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

డాక్టర్ దగ్గర పది నిమిషాలే దొరుకుతాయి. పేషెంట్ "బాగానే ఉన్నాను" అనేస్తారు. అందుకే ఏం మర్చిపోతున్నారు, ఎప్పటినుంచి, నొప్పి ఎక్కువున్న రోజుల్లోనా లేక రోజూనా అన్నది ఇంట్లోవాళ్లు రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోవాలి. కొత్తగా మొదలైన మాత్ర ఏదైనా ఉందా చూసుకోవాలి. ఇది ఏ స్కానింగ్ చెప్పలేని సమాచారం.

"ఇందాకే చెప్పాను కదా, మళ్లీ అడుగుతావేంటి" అని విసుక్కుంటే పేషెంట్ అడగడం మానేస్తారు. అడగకుండా రెండో మాత్ర వేసేసుకుంటారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. రోజుల పేర్లున్న మాత్రల డబ్బా, ఫోన్‌లో అలారం, గోడ మీద పెద్ద అక్షరాల క్యాలెండర్ చాలా సాయం చేస్తాయి. డబ్బా మూత తీయడం వాళ్ల వేళ్లకు సాధ్యమవుతుందో లేదో కూడా చూసుకోండి.

నొప్పి తక్కువున్న వేళ రోజూ కాసేపు నడక, కీళ్లకు భారం కాని వ్యాయామం, పొగ మానేయడం, వినికిడి తగ్గితే మిషన్ పెట్టించుకోవడం, నలుగురితో మాట్లాడటం.. ఇవన్నీ కీళ్లకీ, మెదడుకీ కలిపి పనికొచ్చేవే. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు సాయం కావాలంటే ఎల్డర్‌లైన్ 14567 నంబర్ ఉంది.

మొత్తంగా చూస్తే విషయం ఇదీ. కీళ్లవాతం ఉన్న మనిషి మర్చిపోతున్నారంటే దాన్ని వయసు ఖాతాలో వేసేయొద్దు. మందుల సంచి, బీపీ, షుగర్, బీ12, థైరాయిడ్, నిద్ర, మనసు.. ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్తే ఎక్కడో ఒకచోట సరిచేసుకోగలిగింది దొరికే అవకాశం ఎక్కువ. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు కీళ్ల గురించి చెప్పాక, మతిమరుపు మాట కూడా డాక్టర్ చెవిన వేయండి.

గమనిక: ఈ కథనం కేవలం అవగాహన కోసం మాత్రమే. ఇది వైద్య సలహాకు ప్రత్యామ్నాయం కాదు. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా, డోసు మార్చాలన్నా తప్పనిసరిగా మీ డాక్టర్‌ని సంప్రదించండి.